వెనక నుంచి పిలవకండి

మార్చి 3

మరదలికి,

ఎప్పుడూ మొదట రాసే 'ఆశీస్సులు' అన్న మాట ఈసారి టైపు చెయ్యలేదు. మర్చిపోయి కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని, ఏ మాట ఎక్కడ వదిలానో నాకు తెలుసు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. దీనికి కార్బన్ కాపీ కూడా తీసి పెట్టుకున్నాను, రేపు నేనన్నది ఒకటీ నువ్వు చెప్పేది ఒకటీ కాకుండా.

ఆస్పత్రి నుంచి మా తమ్ముణ్ణి నేరుగా మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు రెండు వారాల మాట అనుకున్నాం. మీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెడకు పట్టీతో వాడు మెట్లెక్కలేడు. మాది కింద ఇల్లు. ఇదంతా పైకి చెప్పుకున్న కారణం. ఆ రెండు వారాలూ నిన్నటితో అయిపోయాయి. వాడు ఇక్కడే ఉంటాడు. ఎప్పటిదాకా అని అడక్కు, అది నీ చేతిలో లేదు.

ఎందుకో చెప్తాను. ఫిబ్రవరి ఆరున వాడు చెప్పుల షాపు బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. వచ్చింది మీ అంబులెన్సు. తోలింది నువ్వు. ఇంతవరకూ నాకు ముందే తెలుసు. తెలియనిది మీ వీధి పాలబూత్ ఆవిడ చెప్పింది. మీ బండి ఆవిడ కొట్టు ముందు నుంచి సైరన్ లేకుండా, నడిచే మనిషి దాటిపోయేంత నింపాదిగా వెళ్ళిందట. ఖాళీ బండి కాబోలు అనుకుందట. పదకొండు కిలోమీటర్లకి యాభై నిమిషాలు! మా వీధి చివర చెత్తబండి ఇంతకంటే త్వరగా పోతుంది. పైగా ఆస్పత్రి గుమ్మంలో సరుకు దింపినట్టు వాణ్ణి దింపి, బండి తిప్పుకుని వెళ్ళిపోయావట.

వారానికి మూడు రోజులు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, జీతం లేని ఆ పనికి పరుగెత్తుతావు. ముక్కూమొహం తెలియని వాళ్ళని మోస్తావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అమ్మ ఎవరి గురించి అనేదో గుర్తు లేదు గానీ, ఆవిడ బతికుంటే ఇప్పుడు నీ గురించే అనేది.

వాడి బట్టలన్నీ, కళ్ళజోడు, బ్రష్షుల పెట్టె పంపించు. చేతులు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. అయినా పెట్టె కళ్ళెదురుగా ఉంటే వాడికి కాస్త ధైర్యం.

నీ మొగుడి అక్క


మార్చి 10

వదినగారికి నమస్కారం.

మీరు ఆశీస్సులు మానేసినా నేను నమస్కారం మానను. పెద్దవాళ్ళు తప్పు చేస్తే చిన్నవాళ్ళం కూడా చెయ్యాలని ఎక్కడా లేదు.

నాకు టైపు రాదు, కార్బన్ కాపీలు లేవు. నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుందని పెళ్ళయిన కొత్తలోనే అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదవండి.

బండి నెమ్మదిగా తోలాను. కావాలనే తోలాను. ఆ రోజు మళ్ళీ వస్తే ఇంకా నెమ్మదిగా తోలతాను. మెడ ఎముక చిట్లిన మనిషిని వెనక వేసుకుని వేగంగా పోవడమంటే, గుండీలు సగం ఊడిన చొక్కాని బండకేసి బాదడం. ఆ దారిలో స్పీడు బ్రేకర్లు పద్నాలుగు. గుంతలు ఎన్నో మీరే వచ్చి చూసుకోండి. సైరన్ వేస్తే ముందున్న వాళ్ళు కంగారుపడి గబుక్కున బ్రేకు వేస్తారు, అప్పుడు నేనూ వెయ్యాలి. అందుకే వెయ్యలేదు. పాలబూత్ ఆవిడకి ఇదంతా తెలియాలని లేదు. ఆవిడ మాట పట్టుకుని ఉత్తరం టైపు చేసే ముందు మీరైనా డాక్టర్ని అడగాల్సింది.

దింపి వెళ్ళిపోయాననీ రాశారు. బండి ఊరిది, నాది కాదు. ఇంకో ఇంట్లో ఇంకెవరో పడి ఉంటే వాళ్ళ కోసం అది షెడ్డులో ఉండాలి. షెడ్డులో పెట్టి, బస్సెక్కి, నలభై నిమిషాల్లో ఆయన మంచం దగ్గరున్నాను. మీరు వచ్చింది మర్నాడు పన్నెండు గంటలకి. నేను లెక్క పెట్టానని కాదు, మీరు మొదలుపెట్టారు కాబట్టి చెప్తున్నాను.

ఏం ఉద్ధరిస్తున్నావని మీరు పదేపదే అడుగుతారు. బండిలో మాట బండిలోనే ఉండాలని మా నియమం, కాబట్టి ఊరూ పేరూ చెప్పను. పోయిన సంవత్సరం ఒకావిడ తుంటి విరిగి హాల్లో పడి ఉంది. మేం వెళ్ళగానే బూట్లతో లోపలికి వచ్చామని తిట్టింది. అప్పుడే తుడిచిందట. మూడు జతల బూట్లు గుమ్మంలో విప్పించింది. తర్వాత దిండు గలీబులు మార్చమంది, ఆస్పత్రి నుంచి ఎవరైనా చూడ్డానికి వస్తే ఇల్లు అలా ఉండకూడదట. నేను గలీబులు మారుస్తుంటే మీరే గుర్తొచ్చారు. స్ట్రెచర్ మీద కూడా నాకు పనులు చెప్తూనే ఉంది. నెల తర్వాత కర్ర పట్టుకుని షెడ్డుకి వచ్చి, గలీబు తిరగేసి తొడిగావని చెప్పి వెళ్ళింది. ఉద్ధరించింది ఇంతే.

రెండు జతల బట్టలే పంపుతున్నాను. రెండు వారాలన్నారు, రెండు జతలు చాలు. కళ్ళజోడు పంపుతున్నాను. బ్రష్షుల పెట్టె ఇక్కడే ఉంటుంది, ఆయన వచ్చి తీసుకుంటారు.

ఆయన చేతులు ఎలా ఉన్నాయో కొంచెం వివరంగా రాయండి. ఏ వేళ్ళు, ఎంతసేపు.

మీ మరదలు


మార్చి 17

మరదలికి,

డాక్టర్ని అడిగాను. నెమ్మదిగా తోలడం మంచిదే అన్నాడు. సరే, ఆ ఒక్క మాట కొట్టేసుకో. మిగతావి అలాగే ఉన్నాయి.

నేను దాచుకున్నది ఇప్పుడు రాస్తాను. ఆదివారం వాడికి గడ్డం గీయిస్తుంటే తనంతట తానే చెప్పాడు. ఆ రోజు పొద్దున్న మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిందట. వారానికి మూడు రోజులు ఆ షెడ్డుకి పోవడం ఇక మానమన్నాడట. 'రేపు నేను పడిపోయినా నీ డ్యూటీ అయ్యాకే వస్తావు' అన్నాడట. దానికి నువ్వు 'ముందు పడండి, తర్వాత చూద్దాం' అన్నావట. అన్న రెండు గంటలకి పడ్డాడు. నోరా వీపుకు తేకే అంటారు. నీ నోరు తెచ్చింది నీ వీపుకు కాదు, నా తమ్ముడి మెడకు.

అది కూడా మొగుడూ పెళ్ళాల మాటలని వదిలేసేదాన్ని. కానీ ఆ బండిలో పడుకుని వాడు దారి పొడుగునా నీ కోసం అడిగాడట. మా ఆవిడకి చెప్పారా, మా ఆవిడ వస్తుందా అని. ఎన్నిసార్లు అడిగాడో వాడికే గుర్తు లేదు. వెనక కూర్చున్న మీ జట్టు టీచరమ్మ 'చెప్పాం, వస్తుంది' అంటూ వచ్చిందట. తీరా ఆస్పత్రిలో నర్సు 'మీ ఆవిడే కదా తోలుకొచ్చింది' అంటే అప్పుడు తెలిసిందట వాడికి, యాభై నిమిషాలూ నువ్వు జానెడు దూరంలో ఉన్నావని.

ఒక్క మాట. 'ఇక్కడే ఉన్నా' అని ఒక్క మాట అనడానికి నీకు నోరు రాలేదా? పొద్దున ఆ మాట అనడానికి వచ్చిన నోరే కదా!

వాడు దీన్ని నాకు కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్తే నేనింత బాధపడేదాన్ని కాదు. గోడకేసి చూస్తూ చెప్పాడు. 'దానికి నేనంటే విసుగొచ్చేసిందక్కా' అన్నాడు. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై. అప్పుడు కూడా వాడు ఇలాగే గోడకేసి చూస్తూ మాట్లాడాడు. మళ్ళీ ఆ గొంతు వినాల్సి వస్తుందనుకోలేదు.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన సంచీలో వాడి చొక్కా ఉంది. నువ్వు కుట్టిందే, నీలం గళ్ళది. మీ వాళ్ళు కత్తెరతో కోసి పారేశారు. నీకే పంపుతున్నాను, గోడకి తగిలించుకో.

నేను కోరేది ఒక్కటే. అంబులెన్సు పని మానేశానని రాసి, కింద సంతకం పెట్టి పంపు. ఆ కాగితం వచ్చిన రోజే వాణ్ణి మీ ఇంటికి నేనే తీసుకొస్తాను. మూడంతస్తులూ కుర్చీలో మోయించి మరీ తెస్తాను. రాకపోతే వాడు ఇక్కడే.

నీ మొగుడి అక్క


మార్చి 24

వదినగారికి నమస్కారం.

అన్నాను. 'ముందు పడండి' అన్నాను. ఆ మాట అనని రోజు కోసం నేను ఎంత వెతుక్కుంటున్నానో మీకు చెప్పుకోవాల్సిన పని లేదు. ఆ రోజు ఆయన టీ గ్లాసు నా కుట్టు బల్ల మీద పెట్టి, ఒక పెళ్ళి జాకెట్టు మీద వలయం పడేలా చేశారు. దాని మీద మొదలైంది. మీకు చెప్పినప్పుడు ఆయన ఈ ముక్క వదిలేసి ఉంటారు.

మీరు కోరిన కాగితం పంపను. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు గానీ, అర్ధం దగ్గర ఆగమన్నారు. మీరు పూర్తిగా అయిపోదామని చూస్తున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆయన అడగాల్సింది ఆయన అడుగుతారు. అడిగితే చెప్తాను. ఆస్పత్రిలో పన్నెండు రోజులు పక్కన కూర్చున్నాను, ఒక్కసారి అడగలేదు. నేను గదిలోకి రాగానే కళ్ళు మూసుకునేవారు. మెడ తిప్పుకోలేరు కాబట్టి కళ్ళు మూసుకున్నారు.

బండిలో నేను మాట్లాడకపోవడానికి కారణం ఉంది. ఇప్పుడు చెప్పను. మీరు దాన్ని మీకు నచ్చినట్టు అనుకోండి, ఎలాగూ అనుకుంటారు.

మీరు పంపిన చొక్కా విప్పి చూశారా, లేక ముక్కు మూసుకుని కవర్లో వేసేశారా? మెడ దెబ్బ తగిలితే చొక్కా తల మీంచి తియ్యకూడదు, చెయ్యి ఎత్తించకూడదు, కొయ్యాల్సిందే. నేను చేరకముందు మా వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ కోసేవారు. పేదవాళ్ళకి ఉండేదే ఒక మంచి చొక్కా, అదీ పోయేది. కుట్టు వెంబడి కోస్తే మళ్ళీ కుట్టుకోవచ్చని నేనే నేర్పాను. పాత బట్టలు తెచ్చి షెడ్డులో అందరి చేతా కోయించాను. నాకు అక్కడ పేరే 'దర్జీ అక్క'. మా మందుల షాపాయన, అంటే ఆ రోజు మా బృందానికి పెద్ద, మీ తమ్ముడి చొక్కాని చంక కుట్టు నుంచి నడుం దాకా గీత పెట్టినట్టు కోశాడు. గళ్ళు ఒక్కటి కూడా తెగలేదు. అరగంటలో కుట్టేశాను. ఈ పార్సిల్లో ఉంది. గోడకి కాదు, ఆయన ఒంటికి తగిలించండి.

చేతుల సంగతి అడిగితే రాయలేదు. మళ్ళీ అడుగుతున్నాను. గుండీ పెట్టుకోగలుగుతున్నారా? చెంచా పట్టుకుంటే వణుకుతోందా? ఇదొక్కటి రాయండి, మిగతా తిట్లు తర్వాతైనా పరవాలేదు.

మీ మరదలు


ఏప్రిల్ 1

మరదలికి,

ప్రతి ఉత్తరంలోనూ చేతులు, చేతులు, చేతులు. మనిషి ఎలా ఉన్నాడు, తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని ఒక్కసారి అడిగావా? బ్రష్షు పట్టి మళ్ళీ బోర్డులు ఎప్పుడు రాస్తాడా అని నీ ఆరాటం. పనికొచ్చే చేతులుంటే మొగుడు కావాలి, లేకపోతే అక్కగారింట్లో పడి ఉండనీ అన్నమాట. ఇన్నాళ్ళూ నీ నోరే చెడ్డదనుకున్నాను.

కారణం ఉంది, చెప్పను అంటావు. చెప్పలేని కారణాన్ని మా ఇన్‌స్టిట్యూట్‌లో సాకు అనేవాళ్ళం. లేటుగా వచ్చిన పిల్లలు రోజుకొకటి చెప్పేవాళ్ళు. వాళ్ళు నయం, ఏదో ఒకటి కల్పించైనా చెప్పేవాళ్ళు.

నీ ఉత్తరాలేవీ నేను వాడికి చదివి వినిపించలేదు. వినిపించను. వాడు అడగడం కూడా లేదు.

మీ అంబులెన్సు సంఘానికి ఫిర్యాదు పంపాను. టైపు చేసి, మూడు ఆరోపణలు వరస నంబర్లతో. ఒకటి, సొంత మనిషి కేసులో నువ్వు బండి ఎక్కకూడదని మీకు నియమం ఉందట, ఎక్కావు. రెండు, రోగి పిలుస్తుంటే పలకలేదు. మూడు, రోగిని గుమ్మంలో వదిలేసి పోయావు. నీ చేత ఆ పని మాన్పించడానికి నీ సంతకం అక్కర్లేదని తెలుసుకో.

నువ్వంత ముచ్చటపడి అడుగుతున్నావు కాబట్టి చేతుల సంగతి కూడా వినేసెయ్. సోమవారం నుంచి తిమ్మిరి లేదు. నిన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు, ఐదుకి ఐదు. ఆ నీలం గళ్ళ చొక్కాకే. ఇదంతా నా చేతి చలవ, నీది కాదు.

నీ మొగుడి అక్క


ఏప్రిల్ 9

వదినగారికి నమస్కారం.

మీ ఫిర్యాదు ఆదివారం మీటింగులో చదివారు. అక్షరం తప్పు లేదని అందరూ మెచ్చుకున్నారు. విచారణ అయ్యేదాకా నేను బండి ఎక్కకూడదు. ఇప్పుడు షెడ్డుకి వెళ్ళి దుప్పట్లు ఉతుకుతున్నాను, టైర్లలో గాలి చూస్తున్నాను. బండి బయటికి వెళ్ళేటప్పుడు గేటు తీసి పక్కకి నిలబడుతున్నాను. ఆరేళ్ళలో ఇంత చిన్నతనం ఎప్పుడూ లేదు. మీకు సంతోషం కలగాలనే రాస్తున్నాను.

మీరు రాసిన వాటిలో నాకు కావాల్సింది ఒక్క ముక్క. ఐదుకి ఐదు గుండీలు. అది నాలుగుసార్లు చదువుకున్నాను. పక్కన పెట్టిన మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇప్పుడు చెప్పగలను కాబట్టి చెప్తున్నాను.

నేను చేరిన మొదటి సంవత్సరం. ఒకావిడ మెట్ల మీంచి జారింది. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. ట్రేలో ఉన్న ఆరు గాజు గ్లాసుల్లో ఒక్కటీ పగల్లేదని మాతో గొప్పలు పోతోంది. ఆవిడ తల కదలకుండా రెండు చేతులా పట్టుకోవడం నా పని. మెడ పట్టీ కోసం సంచీ వైపు ఒక చెయ్యి చాచాను. ఒక్క క్షణం. అప్పుడే కూతురు పనిలోంచి పరుగెత్తుకొచ్చి వెనక నుంచి 'అమ్మా' అని పిలిచింది. కన్నకూతురు పిలిస్తే ఎవరు తిరగరు? ఆవిడ తిరిగింది. తిరిగి, 'ఏం కాలేదే' అంది. ఆ తర్వాత ఆవిడ చేతులు మళ్ళీ లేవలేదు. ఇప్పటికీ లేవలేదు. నాకు తెలుసు, నెలకోసారి వెళ్ళి చూసి వస్తాను. కూతురు తన వల్లే అనుకుంటోంది. కాదు, చెయ్యి తీసింది నేను.

అందుకే షెడ్డు గోడ మీద బోర్డు పెట్టించాం. నిలబడితే రోగి కాళ్ళ వైపు, కళ్ళకి ఎదురుగా నిలబడాలి. సొంతవాళ్ళని తల వైపు రానివ్వకూడదు. నాలుగో లైను, 'వెనక నుంచి పిలవకండి'. ఆ బోర్డు రాసింది ఎవరో తెలుసా? మీ తమ్ముడే. రంగు కూడా ఆయనదే. ఎందుకు రాయిస్తున్నానో చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ రోజు ఫోను వచ్చింది. చెప్పుల షాపు, పెయింటరు, నిచ్చెన. 'అది మా ఆయన' అన్నాను. మందుల షాపాయన దిగిపొమ్మన్నాడు, నియమం అదే. కానీ డ్రైవరుకి జ్వరం. లైసెన్సు ఉన్నది నాకొక్కదానికే. నేను దిగితే బండి కదలదు. సీట్లోంచి లేవకూడదు, వెనక్కి చూడకూడదు అన్న ఒప్పందం మీద తోలాను. వాళ్ళు ఆయన్ని ఎక్కిస్తుంటే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

స్ట్రెచర్ తల ముందుకు వచ్చేలా ఎక్కిస్తారు. ఆయన తల సరిగ్గా నా సీటు వెనక ఉంది. మధ్యలో చిన్న కిటికీ. నేను నోరు తెరిస్తే ఆ మాట ఆయనకి వెనక నుంచే వస్తుంది.

పట్టీ వేశారు. టీచరమ్మ తల పట్టుకుంది. మిగతా ఎవరి విషయంలోనైనా అది చాలనుకుంటాను. కానీ మీ తమ్ముడి సంగతి మీకు తెలియదు. నిచ్చెన మీద ఉన్నా, నోట్లో బ్రష్షు ఉన్నా, పద్ధెనిమిదేళ్ళుగా నేను పిలిస్తే ముందు మెడ తిరుగుతుంది, తర్వాత 'ఏంటి' అంటారు. దెబ్బలాడుకున్న రోజు కూడా అంతే. ఆ మెడ తిరిగితే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను.

ఆయన పదకొండుసార్లు అడిగారు. మీకు లెక్క కావాలి కదా, పదకొండు. పదకొండో సారి తర్వాత అడగడం మానేశారు. అడగడం మానేశాకే నాకు ఎక్కువ భయం వేసింది. పొద్దున నేనన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది. నోరు తెరుచుకుంటుందేమోనని పెదవి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఆస్పత్రిలో ఒక నర్సు దూది ఇచ్చేదాకా రక్తం వస్తోందని తెలియదు.

తర్వాతైనా ఎందుకు చెప్పలేదంటారు. చేతులు తిమ్మిరెక్కి, వేళ్ళు తనవి కావన్నట్టు చూసుకుంటూ పడుకున్న మనిషికి, చేతులు పోయిన ఆవిడ కథ ఎలా చెప్పను? ఆ కథ లేకుండా నా మౌనానికి అర్థం ఎలా చెప్పను? గుండీ పెట్టుకున్న రోజు చెబుదామనుకున్నాను. అందుకే మిమ్మల్ని అడిగీ అడిగీ తిట్లు తిన్నాను. ఆయన బోర్డులు రాయకపోయినా నేను కుట్టి పెట్టగలను వదినగారూ. మీరు అన్నవాటన్నిట్లోకీ ఆ మాటే నన్ను కోసింది, అదీ కుట్టు వెంబడి కాదు.

ఈ ఉత్తరం ఆయనకి చదవండి. చదవకపోతే అది మీ పాపం. మానేస్తున్నానన్న కాగితం మాత్రం ఎప్పటికీ రాదు. ఆయన ఇక్కడికి రాకపోయినా సరే, రాదు.

మీ మరదలు


ఏప్రిల్ 19

మరదలికి,

నీ ఉత్తరం నమ్మలేదు. ఏడుపుగొట్టు కథ ఎవరైనా రాస్తారు. ముఖ్యంగా నువ్వు పిలిస్తే వాడి మెడ దానంతటదే తిరుగుతుందన్న ముక్క నమ్మలేదు. నేను పెంచినవాణ్ణి నేను పిలిస్తే, పేపర్లోంచి కళ్ళు కూడా తియ్యడు. అందుకని చదివి వినిపించకుండా నా దగ్గరే పెట్టుకున్నాను.

పదో తేదీన డాక్టరు పట్టీ తీసేశాడు. ఎముక అతుక్కుంది, ఇక మెడ తిప్పాలి, తిప్పకపోతే అలాగే బిగుసుకుపోతుంది అన్నాడు. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వస్తోంది. వీడు తిప్పడు. భయం. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే బీరువా జరిపినట్టు మనిషి మొత్తం జరుగుతాడు. ఆ అమ్మాయి బతిమాలింది, నేను తిట్టాను. వారం రోజులు ఒక్క అంగుళం తిప్పలేదు. మెడ ఇలాగే ఉండిపోతే బోర్డులు రాయడం మాట అటుంచి రోడ్డు కూడా దాటలేడని ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి నాతో చెప్పింది.

నిన్న సాయంత్రం వాడు ముందు గదిలో వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒంటి మీద ఆ గళ్ళ చొక్కా. అది తప్ప వేరే వెయ్యడం లేదు, ఉతకడానికి లాక్కోవాల్సి వస్తోంది. నేను వంటింటి గుమ్మంలో వాడికి వెనకగా నిలబడ్డాను. నీ మాట నిజమో కాదో తేల్చేద్దామనిపించింది. వంటింట్లోకి వెళ్ళి వెనక వీధి తలుపు చప్పుడు చేసి వచ్చి, ఎవరితోనో అన్నట్టు మామూలుగా అన్నాను.

'రా అమ్మాయ్. చెప్పులు అక్కడే విప్పు.'

తిరిగింది. వాడు తిరగలేదు, మెడ తిరిగింది. కుర్చీ కదల్లేదు, భుజం కదల్లేదు, మెడ ఒక్కటే గిర్రున ఇటు వచ్చింది. 'వచ్చిందా?' అన్నాడు.

గుమ్మంలో నేనొక్కదాన్నే ఉన్నాను. వాడు నన్ను చూసి, నా వెనక చూసి, మళ్ళీ నన్ను చూశాడు. ఆ మొహం నేను చూడాల్సింది కాదు. తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఎవరు తలుపు తీసినా ఇలాగే చూసేవాడు. నాకు సిగ్గేసింది. నా జీవితంలో నేను సిగ్గుపడటం నువ్వు చూసి ఉండవు, చూడలేదు కాబట్టి బతికిపోయాను.

తర్వాత కూర్చుని నీ ఉత్తరాలు మూడూ చదివాను. నీ కోడిగీతల మీద తడబడితే వాడే అందించాడు, నీ రాత వాడికి అలవాటు కదా. బోర్డు సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. 'నాలుగో లైనులో క దగ్గర రంగు కారిందక్కా, తుడిచి మళ్ళీ రాశాను' అన్నాడు. 'అక్షరాలే చూశాను. మాట చదవలేదు' అన్నాడు. తర్వాత పెదవి మానిందా అని అడిగాడు. నాకేం తెలుసు? ఆ గాయం సంగతి పట్టించుకోకుండా రెండు నెలలు నిన్ను తిడుతూ కూర్చున్నదాన్ని.

మీ సంఘానికి ఇవాళే ఉత్తరం వేశాను. మూడు ఆరోపణలూ వెనక్కి తీసుకున్నాను. నాలుగోది కొత్తగా చేర్చాను, మొండితనం. దానికి ఏ శిక్ష వేసినా నాకు అభ్యంతరం లేదు, బండి ఎక్కకుండా మాత్రం ఆపొద్దని రాశాను. నిన్ను క్షమించానని అనుకోకు. టీ గ్లాసు వలయానికి మొగుణ్ణి పడమన్న ఆడదాన్ని నేను అంత తొందరగా క్షమించను. ఆ వలయం పోవాలంటే ఏం చెయ్యాలో మాత్రం వచ్చినప్పుడు చెప్తాను.

రావాలి కూడా. నా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం మొత్తం మళ్ళీ కొట్టించేదాన్ని. నిన్న నా ఇంట్లో నువ్వు వచ్చావని అబద్ధం ఆడాను. దాన్ని సరిచెయ్యడం నా మిషను వల్ల కాదు. శనివారం పొద్దున బస్సుకి రా. బ్రష్షుల పెట్టె తీసుకురా. ఆశీస్సులు ఈసారీ టైపు చెయ్యడం లేదు, ఎదురుగా నిలబెట్టి నోటితోనే చెప్తాను.

వాడు వీధి వైపే కూర్చుని ఉంటాడు. నువ్వు ముందు గుమ్మం నుంచి రాకు. వెనక వీధి తలుపు తీసి ఉంచుతాను. చెప్పులు అక్కడే విప్పి, వంటింట్లోంచి రా. వచ్చి, వాణ్ణి వెనక నుంచి పిలువు.

నీ వదిన